లోపల వదిలిన గుడ్డ

ఆ మూట ఇటు పట్రా బుజ్జీ. రేపు తెల్లారగట్ల మంటలో వేద్దామనే కదా గుమ్మం పక్కన పెట్టావు? ఇటివ్వు. మంటకు తాటాకులున్నాయి, పిడకల దండలున్నాయి, గొడ్లపాకలో విరిగిన మంచం కోళ్లు రెండున్నాయి. అవి చాలు. భోగికి పాతవన్నీ వెయ్యాలన్న మాట నిజమే గాని, మా అమ్మ బతికున్నన్నాళ్లూ మా మంగళగిరి ఇంట్లో గుడ్డపేలిక మంటలో పడటం నేను చూళ్లేదు. అరిగిన చీపురు వేసేది, చిరిగిన చాప వేసేది, పుచ్చిన చెక్క వేసేది. గుడ్డ మాత్రం వెయ్యనిచ్చేది కాదు.

రండి, చలిమంట దగ్గరికి జరిగి కూర్చోండి. ఒరే చిన్నోడా, ఆ సెల్లు కాసేపు జేబులో పెట్టు నాన్నా. మూట విప్పుదాం.

చూశావా, విప్పగానే ఏం బయటపడిందో! ఇది మా అమ్మ జాకెట్టు. పాప్లిన్ గుడ్డ, అప్పట్లో వంగపండు రంగు. ఇప్పుడు వెలిసి ఇలా అయింది. దీన్ని పనికిరాని పాతగుడ్డ అనుకున్నావు కదూ? బయట కాదమ్మా చూడాల్సింది, తిరగెయ్యి. చంక కింద నుంచి నడుము దాకా ఎన్ని కుట్టు గీతలున్నాయో వేలు పెట్టి లెక్కపెట్టు. మూడు. ఆ మూడో కుట్టుకు అవతల ఇంకా ఎంత గుడ్డ వదిలి ఉందో చూడు. అంగుళంన్నర. ఇప్పుడు మొన్న నువ్వు బెజవాడలో కొనుక్కొచ్చుకున్న గౌను తిరగేసి చూడు. పావంగుళం కూడా లేదు, అంచులు తెగ్గోసి ఓవర్‌లాక్ కొట్టేశారు. వచ్చే ఏడు నువ్వు కాస్త ఒళ్లు చేశావంటే ఆ గౌను ఇంక నీది కాదు.

ఈ జాకెట్టు మా అమ్మ ఇరవై ఏళ్లు తొడుక్కుంది. మా తమ్ముడు కడుపులో ఉన్నప్పుడు ఒక కుట్టు విప్పింది. వాడు పుట్టి, ఒళ్లు తగ్గాక మళ్లీ అదే గీత మీద కుట్టు వేసుకుంది. నలభై దాటాక రెండో కుట్టు కూడా విప్పింది. ఆ మూడు గీతలూ ఒక మనిషి ఒంటి చరిత్ర. కుట్టేటప్పుడే విప్పే రోజు గురించి ఆలోచించాలని అమ్మ అనేది. పాతకాలం కుట్టుపని అంతా నాకు ఆ ఒక్క మాటలోనే ఉన్నట్టు అనిపిస్తుంది. నేనీ రాత్రి మీకు చెప్పదలుచుకున్నదీ అదే.

అమ్మకు గుడ్డంటే అంత ప్రాణం ఊరికే రాలేదు. పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో, 1943లో, సర్కారు బట్ట మీదా నూలు మీదా కంట్రోలు పెట్టింది. కంట్రోలు గుడ్డ అనేవాళ్లు దాన్ని. మా ఊరు నేతగాళ్ల ఊరు. అలాంటి ఊళ్లోనే నూలు దొరక్క మగ్గాలు ఆగిపోయేవట. ఆ మరుసటేడే అమ్మ పెళ్లి. పెళ్లికూతురికి కొత్త రవికగుడ్డ దొరక్క మా అమ్మమ్మ తన పట్టుచీర కొంగు కోసి రవిక కుట్టిందని, మిగిలిన చీరను జీవితాంతం కొంగు లేకుండానే కట్టుకుందని అమ్మ చెప్పేది. ఆ కథ ఎన్నిసార్లు చెప్పినా ఆ చివరి మాట దగ్గర అమ్మ గొంతు ఆగిపోయేది.

మీరు మగ్గాలు నడుస్తుండగా చూళ్లేదు. మా చిన్నప్పుడు తెల్లవారుతుండగానే వీధి పొడవునా పడుగు చాపి గంజి పట్టించేవాళ్లు. పానకాలస్వామి కొండకు వెళ్తూ, ఎండ ఎక్కకముందే ఆరాలని వాళ్లు పడే ఆత్రం చూసుకుంటూ, దారాలు తొక్కకుండా గోడ వారగా నడిచేవాళ్లం. ఇంట్లోకి వెళ్తే గుంటమగ్గం. నేలలో గుంట తవ్వి, అందులో కాళ్లు దించుకుని కూర్చుని నేస్తారు. మంగళగిరి చీరకు ఒంటి నిండా పువ్వులుండవు. సాదా నేత, అంచుకు జరీ. ఆ సాదాతనమే దాని అందం. పోగు పోగుకూ ఎవరి చెయ్యి తగిలిందో తెలిసిన ఊళ్లో ఆ గుడ్డకు కత్తెర పెట్టాలంటే మనసు ఒక క్షణం వెనక్కి లాగుతుంది. అందుకే అమ్మ కొత్తగుడ్డను తెచ్చిన రోజున ఎప్పుడూ కోసేది కాదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ముడత తీసి, ఆ తర్వాతే కత్తెర. నూలుగుడ్డ మొదటి తడికి కుంచించుకుపోతుంది. కుట్టాక కుంచించుకుపోతే జాకెట్టు పట్టదు. గుడ్డగా ఉన్నప్పుడే కుంచించుకుపోతే ఏ నష్టమూ లేదు. ఇప్పటికీ జాకెట్టుకు లైనింగు గుడ్డ నానబెట్టకుండా కోసే దర్జీ దగ్గరికి నేను వెళ్లను.

కొలతల సంగతి మరిచాను. అప్పుడు గజాలే. గజమంటే ముప్పై ఆరు అంగుళాలు. 1957లో నయాపైసలు వచ్చాయి, తర్వాత కొన్నేళ్లకు కొట్లలో గజంబద్ద పోయి మీటరుబద్ద వచ్చింది. మీటరంటే ముప్పై తొమ్మిది అంగుళాల పైచిలుకు. అమ్మ చాలాకాలం మీటర్లలో కొని, ఇంటికొచ్చి గజాల్లో కొలిచి, మిగిలిన ఆ మూడంగుళాలు విడిగా మడిచి దాచేది. ఆ ముక్కలతోనే నా పరికిణీల బొందులన్నీ తయారయ్యేవి.

కుట్టుమిషను మా ఇంటికి వచ్చినప్పుడు మా నాయనమ్మ వద్దంది. చేతికుట్టు గుడ్డ మాట వింటుంది, మిషను వినదు అంది. మా నాన్న ఖద్దరు తప్ప కట్టని మనిషి. యంత్రాలంటే అంత పట్టింపు ఉన్న గాంధీగారే సింగర్ కుట్టుమిషను విషయంలో మినహాయింపు ఇచ్చారు, మనుషులు కనిపెట్టిన పనికొచ్చే వస్తువుల్లో అదొకటని 1924లోనే అన్నారు అని చెప్పి ఆమెను ఒప్పించాడు. తీరా కొన్నది సింగర్ కాదు, కలకత్తాలో తయారైన ఉషా. చేత్తో తిప్పేది. అదే ఇప్పుడు మన వసారాలో ఉన్నది. ఇన్నేళ్లూ ఎలా నడిచిందని మీ నాన్న అడుగుతుంటాడు. కుట్టిన ప్రతిసారీ బాబిను దగ్గర పేరుకున్న నూలుదుమ్ము పాత పళ్లబ్రష్షుతో దులుపుతాను. నెలకోసారి చిల్లుల్లో రెండేసి చుక్కల మిషన్ ఆయిల్ వేసి, పాతగుడ్డ మీద కాసేపు ఉత్తుత్తి కుట్టు కుట్టి, ఎక్కువైన నూనె పోయాకే మంచిగుడ్డ పెడతాను. కొబ్బరినూనె వెయ్యకూడదు, గడ్డకట్టి పళ్లు బిగుసుకుంటాయి. సూది మొద్దుబారితే జాలిపడక మార్చెయ్యాలి. అంతకుమించి నేను చేసిందేమీ లేదు.

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తాను. పరికిణీ.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, 1956 సంక్రాంతికి, అమ్మ నాకు నీలిరంగు పాప్లిన్ పరికిణీ కుట్టింది. నడుము నుంచి చీలమండ దాకా నా కొలత ఇరవై ఎనిమిది అంగుళాలు. అమ్మ కోసింది ముప్పై ఎనిమిదిన్నర. మిగతా పదిన్నర అంగుళాలూ ఎక్కడికి వెళ్లాయో వినండి. నడుము దగ్గర బొందు ఎక్కించే మడతకు అంగుళంన్నర. కింద అంచు మడత మూడంగుళాలు. ఆ రెండింటికీ మధ్య, మోకాలి కిందుగా, ఒకదాని మీద ఒకటి మూడు అడ్డమడతలు. ఒక్కోటి అంగుళం. అంగుళం మడత రెండంగుళాల గుడ్డ మింగుతుంది, అంటే మూడు మడతలకు ఆరంగుళాలు. ముప్పై ఆరు పన్నా గుడ్డ మూడు పన్నాలు కలిపితే మంచి కుచ్చు వస్తుంది. మొత్తం మూడుంపావు గజం పట్టింది.

చూసినవాళ్లకు ఆ మూడు మడతలూ అందానికి వేసినట్టుండేవి. నిజంగానే అందంగా ఉండేవి. నడుస్తుంటే ఆ మడతల బరువుకు పరికిణీ కింద నిలబడేది, ఎగిరేది కాదు. మరుసటేడు సంక్రాంతికి పెట్టె తీసేసరికి పరికిణీ చీలమండ దాటి పైకి పోయింది. అమ్మ ఒక మడత విప్పింది. రెండంగుళాలు దిగింది. ఇంకో ఏడాదిన్నరకు రెండోది. తర్వాత మూడోది. ఆఖర్న అంచు మడత కూడా సగం విప్పి సన్నగా హెమ్మింగు చేసింది. ఎనిమిదో ఏట కుట్టిన పరికిణీ పన్నెండో ఏడు నిండేదాకా కట్టుకున్నాను. నడుముకు ఎలాగూ బొందే కాబట్టి దాని బెంగ లేదు. ఆ పైన నాకు లంగా ఓణీ వచ్చింది, ఆ పరికిణీ మా చెల్లెలికి వెళ్లింది. చెల్లెలి కోసం అమ్మ మళ్లీ మూడు మడతలూ వేసింది!

ఇందులో ఒక చిక్కుంది, విను బుజ్జీ, నువ్వు కుడతానంటున్నావు కాబట్టి. మడత లోపల ఏడాదిపాటు దాగిన గుడ్డకు ఎండ తగల్దు. విప్పినప్పుడు అక్కడ ముదురు నీలం పట్టీ కనిపిస్తుంది, మిగతా అంతా వెలిసి ఉంటుంది. మొదటి మడత విప్పిన రోజున ఆ పట్టీ చూసి నేను ఏడ్చాను, బళ్లో అందరికీ తెలిసిపోతుందని. అమ్మ ఏమీ అనలేదు. ఆ ముదురు పట్టీ పొడుగునా తెల్లటి జిగ్‌జాగ్ లేసు కుట్టి ఇచ్చింది. వారం తిరిగేసరికి మా వీధిలో ఇద్దరు పిల్లలు వాళ్ల అమ్మల్ని పీకి అలాంటి లేసు వేయించుకున్నారు. వాళ్ల పరికిణీలకు విప్పిన మడత లేదు, లేసు మాత్రం ఉంది.

విప్పడం కూడా ఒక పనే. పట్టుకుని లాగితే గుడ్డ చిరుగుతుంది. ఒకవైపు దారాన్ని నాలుగు కుట్లకోసారి తెంపుకుంటూ వెళ్లి, గుడ్డ తిరగేసి రెండోవైపు దారం పట్టుకుని మెల్లగా లాగితే పొడుగ్గా ఊడి వస్తుంది. అందుకే విప్పాల్సిన చోట కుట్టు పెద్దది వెయ్యాలి. మిషను మీద కొసల్లో వెనక్కి ముందుకు కుట్టి బిగించకూడదు, రెండు దారాలూ లోపలికి లాగి చేత్తో ముడి వెయ్యాలి. విప్పాక వరసగా కనిపించే సూది చిల్లుల మీద తడి చేత్తో రుద్ది ఇస్త్రీ చేస్తే నూలుగుడ్డలో అవి చాలామటుకు మూసుకుపోతాయి. పట్టులో మాత్రం మూసుకోవు. ఆ సంగతి నేను ఎలా నేర్చుకున్నానో చెప్తాను.

1979లో మా పినతండ్రి కూతురి పెళ్లి. అమ్మ తన కంచిపట్టుచీర నాకు కట్టుకొమ్మని ఇచ్చింది. అరిటాకు పచ్చ, ఎర్ర అంచు. అంచు వేరుగా, ఒళ్లు వేరుగా నేసి కలిపిన చీర అది. కలిపిన చోట జానెడు పొడవున పోగులు వదులై అంచు విడిపోతోంది. చేత్తో కుట్టాలంటే గంట పడుతుంది. బస్సు టైమైపోతోంది. నేను మిషను మీద పెట్టాను. కొత్తగా వచ్చిన టెరిలిన్ దారం, ఎంత లాగినా తెగదని గొప్పగా చెప్పుకునేవాళ్లం. బలంగా ఉండాలని కుట్టు కూడా చిన్నది పెట్టి, రెండు వరసలు కొట్టాను. చూడ్డానికి బ్రహ్మాండంగా ఉంది.

మధ్యాహ్నం పంక్తిలో భోజనానికి కింద కూర్చున్నాను. మోకాలి దగ్గర చీర బిగిసి సర్రుమంది. పోస్టాఫీసులో బిళ్లలు చింపుతారే, చిల్లుల వరస వెంబడి, అచ్చం అలా చిరిగింది. జానెడు విడిపోయిన చోట మూరెడు చిరుగు. నా దారం మాత్రం ఒక్క కుట్టు కూడా తెగలేదు.

అమ్మ నన్ను తిట్టలేదు. ఇంటికొచ్చాక ఆ రాత్రి లాంతరు దగ్గర పెట్టుకుని, ముందు నా కుట్టంతా విప్పింది. చీర లోపలి చెరగు అంచు నుంచి నాలుగు పట్టుపోగులు లాగి వాటినే సూదికి ఎక్కించింది. చిరుగు వెనక మెత్తటి పాత మల్లుపంచె ముక్క పరిచి, చిరుగు దాటి బాగున్న బట్ట దాకా వెళ్లి వెళ్లి వదులుగా చేతికుట్టు వేసింది. వేస్తూ ఒక్కటే చెప్పింది. ఎప్పుడైనా లాగుడు వస్తే తెగాల్సింది దారం, బట్ట కాదు. దారం రేపు మళ్లీ ఎక్కించుకోవచ్చు. అందుకని దారం ఎప్పుడూ బట్టకంటే ఒక పిసరు బలహీనంగా ఉండాలి. నాయనమ్మ చేతికుట్టు గుడ్డ మాట వింటుంది అన్నదాని అర్థం నాకు ఆ రాత్రి తెలిసింది. అప్పటినుంచి పాతబట్ట మీద నూలుదారమే, సన్నసూదే, వదులు కుట్టే. నలిగిన పట్టు మీద మిషను అసలు పెట్టను.

నువ్వు బుట్టచేతుల జాకెట్టు కావాలన్నావు కదా. సావిత్రి, జమున సినిమాలు చూసొచ్చి మా పిన్ని కూడా అలాగే గొడవ చేసేది. కష్టమేం కాదు. మామూలు చేతి కాగితం కోసుకో. దాన్ని మధ్యకు నిలువునా చీల్చి మూడంగుళాలు దూరం జరుపు, పైన భుజం దగ్గర ఒక అంగుళం ఎత్తు పెంచు. ఆ ఎక్కువైన గుడ్డంతా భుజం మీదే కుచ్చు పట్టాలి, చంక కిందికి ఒక్క కుచ్చు కూడా దిగకూడదు. దిగితే చెయ్యి ఎత్తలేవు. కింద పట్టీ వేసి బిగించు. గుడ్డ కాస్త గరుకైనది చూసుకో, పాప్లిన్ గాని ఆర్గండీ గాని. జార్జెట్టుకు బుట్ట నిలబడదు, వడలిన పువ్వులా జారిపోతుంది. ఇస్త్రీ చేసేటప్పుడు చేతిలోపల తువ్వాలు చుట్టి దూర్చి దాని మీద చెయ్యి.

ఇంకా ఈ జాకెట్టు చూడు. నడుంపట్టీ లోపల మూలన ఒక గీత, రెండు చుక్కలు, నల్లగా. అది సిరా కాదు. రేవులో నూరిళ్ల బట్టలు కలిసిపోతాయి కాబట్టి ఏ ఇంటి బట్టకు ఆ ఇంటి గుర్తు వేసేవాళ్లు. జీడిగింజ ఉంటుంది, నల్లజీడి, దాని రసంతో. అది ఒంటికి తగిలితే బొబ్బలెక్కుతుంది, గుడ్డకు తగిలితే జన్మకు పోదు. మా ఇంటి బట్టలు ఉతికిన ఆవిడకు చదువు రాదు. ఊళ్లో ప్రతి ఇంటి గుర్తూ ఆమెకు నోటికి వచ్చు. ఏ బట్ట మరక ఎక్కడుందో, ఏ చీర రంగు దిగుతుందో, ఏది బండకేసి కొట్టకూడదో మా అందరికంటే ఆమెకే బాగా తెలుసు. అరవై ఏళ్లు దాటినా ఈ గుడ్డ ఇంకా గుడ్డలా ఉందంటే అందులో సగం పుణ్యం ఆమెది.

ఉతకడంలో మీరు చేసే తప్పు ఒకటి చెప్పాలి. మొన్న నోముకు నీ తెల్లచున్నీ మీద పసుపు పడిందని సబ్బు రుద్దావు, ఎర్రగా మారిందని భయపడ్డావు. పసుపుకు సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, దాని గుణమే అంత. బాగా జాడించి, తడిగా ఉన్నప్పుడే ఎండలో వెయ్యి. పసుపు ఎండకు ఓర్చుకోదు. రెండు మూడు ఎండలకు అదే వెళ్లిపోతుంది. నెత్తురు మరకకు వేడినీళ్లు పొయ్యకూడదు, పోస్తే పట్టేసుకుంటుంది. చన్నీళ్లే. నూనె పడితే వెంటనే శనగపిండి చల్లి, పీల్చుకోనిచ్చి దులపాలి. పాతరంగుల చీర ఏదైనా తడిపేముందు తెల్లగుడ్డ తడిపి లోపలి మూల మీద అదిమి చూడు. గుడ్డకు రంగు అంటితే దాన్ని విడిగానే ఉతకాలి.

పట్టుకు కుంకుడుకాయ. కొట్టి, గింజ తీసి, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పిసికి, వడకట్టి, ఆ రసాన్ని చల్లారాక బాగా పల్చన చేసి అందులో ముంచి తియ్యాలి. పిండకూడదు. పాత తువ్వాలులో చుట్టి నీళ్లు పీల్చనిచ్చి నీడన ఆరెయ్యాలి. ప్రతిసారీ ఉతకాల్సిన పని కూడా లేదు. కట్టి విప్పాక రాత్రంతా గాలికి వేలాడదీసి చెమట ఆరనిస్తే చాలు. విప్పిన చీర విప్పినట్టే మడిచి బీరువాలో పెట్టడం చూస్తే నా ప్రాణం గిలగిల్లాడుతుంది.

దాచడం గురించి మీ అమ్మకు కూడా చెప్పండి, నేను చెప్తే చాదస్తమనుకుంటుంది. గంజి పెట్టిన బట్టను ఎక్కువకాలం దాచకూడదు. పెట్టెల్లో వెండిరంగు పురుగు తిరుగుతుందే, అది గంజి కోసమే వస్తుంది, గంజితోపాటు గుడ్డనూ తింటుంది. గంజి పోయేలా ఉతికి, ఇస్త్రీ లేకుండా దాచు. మళ్లీ కట్టేటప్పుడు పెట్టుకోవచ్చు గంజి. జరీచీరకు కలరా ఉండలు తగలకూడదు, అత్తరు కూడా కొట్టకూడదు, జరీ నల్లబడుతుంది. వేపాకు పెట్టండి, ఎండినదే, పచ్చిది పెడితే చెమ్మ. ప్లాస్టిక్ సంచిలో పెడితే బట్టకు ఊపిరాడదు, వానాకాలంలో లోపల చెమ్మ పట్టి మచ్చలొస్తాయి. పాత తెల్లపంచెలో చుట్టండి. ఇనప హ్యాంగరు తుప్పు పడుతుంది, బరువుకు చీర సాగిపోతుంది. అన్నిటికంటే ముఖ్యం మడత. ఏళ్లతరబడి ఒకే మడత మీద ఉంటే ఆ గీత వెంబడే పట్టు చిట్లుతుంది. మూడు నాలుగు నెలలకోసారి తీసి, నీడన విప్పి, వేరే చోట మడవాలి. ఈ సంక్రాంతి పనుల్లో ఇల్లంతా దులుపుతారు కదా, పెట్టెలు కూడా అప్పుడే తియ్యండి. కార్తీకం వానలు వెళ్లి చలిగాలి పొడిగా ఉండే రోజులివి, బట్టలకు ఇంతకంటే మంచి రోజులు లేవు.

ఒక సంగతి చెప్పకుండా దాటెయ్యలేను. స్టీలు సామాన్ల వాళ్లు వీధుల్లోకి రావడం మొదలయ్యాక ఆడవాళ్లం అందరం పెట్టెలు ఖాళీ చేశాం. నాలుగు చీరలకు ఒక బేసిను, పంచెలు కలిపితే ఒక డబ్బా. పట్టుచీరలైతే వేరేవాళ్లు వచ్చేవాళ్లు. అప్పటి జరీలో వెండి ఉండేది, దాన్ని కాల్చి వెండి తీసుకునేవాళ్లు. మూడు తరాలు కట్టిన చీరలు బూడిదైపోయాయి. నేనూ ఇచ్చాను. అమ్మమ్మ కొంగులేని చీర ఇచ్చేశాను. దాని బదులు వచ్చిన బిందె ఇంకా దొడ్లో ఉంది. దాన్ని చూసినప్పుడల్లా మనసు కలుక్కుమంటుంది.

అంతకుముందు గుడ్డ ఇల్లు దాటేదే కాదు. చీర నడిమధ్య పలచబడితే అక్కడికి కోసేసి, రెండు మంచి ముక్కలూ అతికి మళ్లీ కట్టేవాళ్లు. అదీ అయ్యాక అంచు విప్పి పిల్ల పరికిణీకి వేసేవాళ్లు. మెత్తబడిన ఒళ్లు పొత్తిగుడ్డలకు. పుట్టిన బిడ్డ ఒంటికి కొత్తగుడ్డ గరుకు కదా, అందుకే పాతదే తగిలించాలి. మీరిద్దరూ ఈ భూమ్మీద పడగానే చుట్టింది నా నూలుచీరల్లోనే. తర్వాత ఉయ్యాల. తర్వాత నాలుగైదు చీరలు ఒకదాని మీద ఒకటి పరిచి, పైనుంచి కిందికి దూరదూరంగా కుట్లు వేసి బొంత. మీరిప్పుడు కాళ్ల మీద కప్పుకున్న బొంత విప్పితే అయిదు చీరలొస్తాయి. ఆ పైది మా అత్తగారిది. బొంత కూడా చిరిగితే పొయ్యి దగ్గర మసిగుడ్డ. అక్కడితో దాని పని తీరేది.

సరే, మూటలో ఇంకేమున్నాయి? ఈ లుంగీ బొంత లోపలికి పనికొస్తుంది, పక్కన పెట్టు. ఈ దిండుగలీబు బొత్తాలు కోసి డబ్బాలో వెయ్యి. నీ పాత లెగ్గింగులు, చిన్నోడి బడి చొక్కాలు ఇవి. వీటినైతే అసలు మంటలో వెయ్యకూడదు, నైలానూ టెరిలినూ నూలులా బూడిద కావు, కరుగుతూ కాలుతాయి. కరిగిన బొట్టు ఒంటి మీద పడితే అంటుకుపోతుంది. చొక్కాలు బాగానే ఉన్నాయి, ఉతికి ఎవరికైనా ఇవ్వండి.

ఈ జాకెట్టు మాత్రం నీకే. ముందు మంట వెలుగుకు పట్టి చూడు, చంకల దగ్గర పలచబడిందేమో. ఎడమవైపు కాస్త పలచబడింది. పరవాలేదు, లోపల మల్లుముక్క వేద్దాం. నీ ఒళ్లు అమ్మకంటే నాలుగంగుళాలు ఎక్కువ ఉంటుంది. రెండు పక్కలా ముందు ముక్కలోనూ వెనక ముక్కలోనూ అంగుళం చొప్పున వదిలితే నాలుగంగుళాలూ వస్తాయి. ఆపైన ఇంకా అరంగుళం మిగులుతుంది, అది నీ కూతురికి. రేపు భోగిమంట అయ్యి, తలంటి పోసుకుని రా, కొలత తీస్తాను. దారం మాత్రం నూలుదే తెచ్చుకో.